మార్చి నెల ఎవరో ఇచ్చిన కానుక కాదు



మార్చి రాగానే ఆఫీసుల్లో స్త్రీల చేతికి గులాబీ పువ్వు ఇస్తారు. దుకాణాలు చీరల మీద తగ్గింపు ప్రకటిస్తాయి. ముగ్గుల పోటీలు జరుగుతాయి. ఈ సందడిలో అసలు ప్రశ్న మరుగున పడుతోంది: ఈ నెల స్త్రీల నెల ఎలా అయింది?

1857లో న్యూయార్క్ బట్టల మిల్లు కార్మికురాళ్ల ఊరేగింపుతో ఇదంతా మొదలయిందని కరపత్రాల్లో తరచు కనిపిస్తుంది. 1980లలో స్త్రీవాద చరిత్రకారులు వెతికితే దానికి ఆధారం దొరకలేదు. దొరికిన చరిత్ర మాత్రం తక్కువదేమీ కాదు.

1909 ఫిబ్రవరి 28న అమెరికా సోషలిస్టు పార్టీ మహిళా దినం జరిపింది. 1910లో కోపెన్‌హేగన్‌లో 17 దేశాల సోషలిస్టు స్త్రీలు సమావేశమై, క్లారా జెట్కిన్ తదితరుల ప్రతిపాదనపై ఏటా ఒక అంతర్జాతీయ మహిళా దినం జరపాలని తీర్మానించారు. తేదీ మాత్రం నిర్ణయించలేదు. 1911 మార్చి 19న జర్మనీ, ఆస్ట్రియా, డెన్మార్క్, స్విట్జర్లాండ్‌లలో ఓటుహక్కు కోసం, పనిహక్కు కోసం స్త్రీలు ప్రదర్శనలు జరిపారు. వారం తిరగకుండానే, మార్చి 25న, న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన యువతులు. బయటికి వెళ్లే తలుపుకు తాళం వేసి ఉంది.

మార్చి 8 తేదీ రష్యా నుంచి వచ్చింది. 1917లో ఆ రోజున (వాళ్ల పాత క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 23) పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల స్త్రీలు రొట్టె కావాలంటూ సమ్మెకు దిగారు. వారం రోజులకు జార్ గద్దె దిగాడు. ఐక్యరాజ్య సమితి ఈ దినాన్ని జరపడం 1975లో మొదలుపెట్టింది.

ఇక దినం నెలగా మారిన కథ. పాఠ్యపుస్తకాల్లో స్త్రీలు లేరని గమనించిన కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీ మహిళలు, 1978లో మార్చి 8 ఉన్న వారాన్ని స్త్రీల చరిత్ర వారంగా జరిపారు. 1987లో అమెరికా కాంగ్రెస్ మార్చిని స్త్రీల చరిత్ర మాసంగా గుర్తించింది. అయితే కార్మికురాళ్ల డిమాండ్ల నుంచి పుట్టిన తేదీ అన్న సంగతి అధికారిక వేడుకల్లో తరచు వినిపించదు.

అదే 1978లో హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన ఏర్పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటివెంటే రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. అడగకపోతే ఆ అనుభవాలు వాళ్లతోనే పోయేవి.

అందుకే ఈ మార్చిలో సభలతో పాటు ఇంకో పని కూడా చేయాలని కోరుతున్నాను. మన సంఘాల మినిట్స్ పుస్తకాలు, కలెక్టరుకు ఇచ్చిన అర్జీల నకళ్లు, కేసు కాగితాలు చెదపురుగుల పాలు కాకుండా చూద్దాం. బీడీలు చుట్టే ఆమె కూలి ఎంతో, ఏ సంవత్సరంలో ఎంత పెరిగిందో, ఎవరు పోరాడితే పెరిగిందో రాసి పెడదాం. ఆమె ఒప్పుకుంటే పేరు కూడా రాద్దాం. రేపు ఆధారం అడిగితే చూపించాల్సింది మనమే.