అంగడి లెక్కలకు రెండు పటభాషలు
(సంఘసభలో చేసిన ప్రసంగపాఠము)



మన వర్తకులలో పలువురు ఆవర్జాను విడిచి కంప్యూటరు లెక్కలకు మారుచున్నారు. ప్రోగ్రాము వ్రాయుటకు ముందు దాని రూపమును గీతలలో చూపుదురు. మా అంగడికై రెండు పటములు తెచ్చిరి.

మొదటిది బి.పి.ఎం.ఎన్. అను భాషలో నుండెను. 2004లో వెలువడిన యీ భాష పనుల క్రమమును గీయును. సరుకు ఎవరు తూచుదురు, బిల్లు ఎప్పుడు పుట్టును, డబ్బు ఎవరి చేతికి వచ్చును, అన్నియు బాణములే. మా గుమాస్తా సైతము చదివెను.

రెండవది యు.ఎం.ఎల్. బూచ్, రంబా, జేకబ్‌సన్ అను మువ్వురి కృషి, 1997లో ప్రమాణమైనది. నేడు అందు 14 విధముల పటములు కలవు (అంగడివానికి అన్ని యెందుకో!). మాకు చూపినది క్లాసు పటము. 'బిల్లు' ఒక పెట్టె, 'రసీదు' ఒక పెట్టె, నడుమ గీత, గీత రెండు కొనలందును '1' అను అంకె.

ఆ అంకెను లక్ష్యపెట్టక చేవ్రాలు చేసితిని. ఒక రసీదు ఒక్క బిల్లుకే చెల్లునని దాని యర్థమట! అరువు ఖాతాదారుడు మూడు బిల్లుల బాకీపై కొంత మొత్తము జమకట్టగా ప్రోగ్రాము స్వీకరింపలేదు. రెండు కొనలందును నక్షత్రపు గుర్తు, అనగా 'ఎన్నియైనను', ఉండవలసినది. మూడు నెలలు మరల చేతిలెక్కయే.

సులభమైన మొదటి పటము ఈ తప్పును చూపజాలదు. అది పని నడకను చెప్పును గాని దేనికెన్ని యను సంఖ్యను చెప్పదు. గుమాస్తాలకు దానినే చూపుడు. రెండవదాని కొనలనున్న అంకెలను మాత్రము చేవ్రాలునకు ముందు మీరే యొక్కొక్కటిగా చదివించుకొనుడు. నా పటమును వెంట తెచ్చితిని, సభానంతరము చూడవచ్చును.