ఫోను ఎవరి చేతిలో, సిమ్ ఎవరి పేరు మీద?

(హుజూర్‌నగర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘సాంకేతికత - స్త్రీలు’ అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. చాలా పెద్ద అంశం. అందులో నేను ఒక్క సెల్‌ఫోను గురించి, దానిలోకి వచ్చే ఇంటర్నెట్ గురించి మాత్రమే మాట్లాడతాను. అదే ఈ పూటకు సరిపోతుంది.

మా అక్క కొడుకు ఒకడున్నాడు. ఫోన్లంటే వాడికి ప్రాణం. మార్కెట్లోకి కొత్త ఫోను వచ్చిందంటే దాని కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, ఎన్ని నిమిషాల్లో చార్జింగ్ ఎక్కుతుంది, ఏ కంపెనీ నెట్ ఏ వీధిలో ఎంత వేగంగా వస్తుంది అన్నీ చెప్పేస్తాడు. “చిన్నమ్మా, ఎనిమిది జీబీ ర్యామ్ లేని ఫోను కొనుడు దండగ” అని నాకు సలహా కూడా ఇచ్చాడు. ఇలాంటి పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. యూట్యూబ్‌లో తెలుగులో ఇవే విషయాలు చెప్పేవాళ్ళను లక్షలమంది చూస్తున్నారు. వాళ్ళను చిన్నచూపు చూడాల్సిన పని లేదు. పదిహేను వేలు పెట్టి వస్తువు కొనే మనిషికి కంపెనీ ప్రకటన కాకుండా ఇంకెవరైనా నిజం చెప్పడం అవసరమే.

కాని వాళ్ళ లెక్కలన్నిటి వెనుకా ఒక మనిషి ఉన్నాడు. అతనికి సొంత ఫోను, సొంత జేబు, సొంత సంపాదన, సొంత సమయం ఉన్నాయి. ఫోను ఎవరికీ చూపించాల్సిన అవసరం అతనికి లేదు. ఫోన్ వస్తే “ఎవరు?” అని అడిగేవాళ్ళు లేరు. ఆ మనిషి మగవాడని ఎవరూ పైకి చెప్పరు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచదు. మట్టపల్లి దగ్గరో మేళ్ళచెరువు దగ్గరో ఉన్న ఒక ఇంట్లో ఆడమనిషి నిలబడి ఆ ఫోనును చూస్తే ఆమెకు కలిగే ప్రశ్నలు వేరు. ఇది నా దగ్గర ఎంతసేపు ఉంటుంది? ఎవరి పేరు మీద ఉంది? దీనికి డబ్బులు ఎవరు వేస్తారు?

కొంచెం వెనక్కి వెళ్దాం. మన ఇళ్ళలోకి యంత్రాలు వచ్చిన ముఖ్యమైన దారుల్లో కట్నం ఒకటి. వాచీ, సైకిలు, రేడియో - ఒక తరంలో పెళ్ళికొడుకు అలకపాన్పు మీద అడిగిన వస్తువులు ఇవే. తర్వాతి తరంలో స్కూటరు, టీవీ, ఫ్రిజ్ వచ్చాయి. వీటికి డబ్బు పెట్టింది ఆడపిల్ల తండ్రి. అయినా వాచీ అతని చేతికే ఉంది, సైకిలు అతనే తొక్కాడు, రేడియోలో ఏం వినాలో అతనే తేల్చాడు. ‘ఆమెది’ అనిపించుకున్నవి మిక్సీ, గ్రైండర్, తర్వాత వాషింగ్ మెషిన్. చాకిరీ చేసే యంత్రం ఆమె వాటాకు, లోకంతో కలిపే యంత్రం అతని వాటాకు పోయాయి. సెల్‌ఫోను ఈ పంపకంలోకే వచ్చి చేరింది.

కొత్త ఫోను ముందు ఇంటర్ చదివే కొడుక్కి వస్తుంది. వాడు వదిలేసింది తండ్రికి పోతుంది. తండ్రి వదిలేసింది, అద్దం పగిలి, బ్యాటరీ ఉబ్బి, ఒక్క ఫోటో కూడా పట్టనంత నిండిపోయింది తల్లికి వస్తుంది. అందరూ తిన్నాక మిగిలింది తినడం ఎలా అలవాటయిందో ఇదీ అంతే. మా అక్క దగ్గర ఉన్నది కూడా కొడుకు రెండేళ్ళ కిందట వదిలేసిన ఫోనే. “నాకెందుకమ్మా పెద్ద ఫోను, ఆయనకున్నది గదా” అనే మాట ఈ ప్రాంతంలో ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. దీన్ని ఆమె ఇష్టం అని రాసుకుని ఊరుకోవడం పరిశోధకులకు తేలిక. అడిగి లేదనిపించుకోవడం కంటే అడగకపోవడం మర్యాద అని నేర్చుకున్న మనిషి మాట అది.

అంకెలు కూడా ఇదే చెప్తున్నాయి. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. తెలంగాణలో మగవాళ్ళు 57.4, స్త్రీలు 26.5. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలంగాణ మగవాడు దేశంలోని సగటు మగవాడితో సమానంగా ఉన్నాడు. తెలంగాణ స్త్రీ మాత్రం దేశంలోని సగటు స్త్రీ కంటే వెనకబడి ఉంది. హైటెక్ సిటీ ఉన్న రాష్ట్రం సంగతి ఇది! సిగ్నలే లేకపోతే ఇద్దరికీ లేకుండా పోవాలి కదా. టవర్ ఒక్కటే, ఇల్లు ఒక్కటే, అయినా ఇద్దరి మధ్య ముప్పై శాతం తేడా. ఆ తర్వాత కరోనా వచ్చింది, ఫోన్లు పెరిగాయి, ఈ అంకెలూ పెరిగే ఉంటాయి. ఇంట్లో పంపకం మారిందా అన్నది వేరే ప్రశ్న.

ఇక సిమ్ సంగతి. ఈరోజు నేను ప్రధానంగా చెప్పదలుచుకున్నది దీని గురించే.

ఒకప్పుడు ఫోను మాట్లాడుకునే వస్తువు. ఇప్పుడది సంతకం. బ్యాంకు, గ్యాస్, ఆధార్ - అన్నీ ఓటీపీ అడుగుతాయి. ఆ ఆరంకెలు ఎవరి ఫోనుకు వస్తే సంతకం వాళ్ళది. పొదుపు సంఘంలో సభ్యురాలు ఆమె, పాసుపుస్తకం ఆమె పేరు మీదే, అప్పు తీర్చేదీ ఆమే. ఖాతాకు కలిపిన నంబరు మాత్రం భర్తది. డబ్బు పడినట్టు ముందు అతనికి తెలుస్తుంది, తీయడానికి అతని ఫోనే కావాలి. స్త్రీల పేరు మీద ఆస్తి, స్త్రీల పేరు మీద ఖాతా అని ఎన్నో ఏళ్ళు పోరాడి సాధించుకున్నది ఒక్క నంబరు దగ్గర చేజారిపోతోంది.

2021 ఫిబ్రవరి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరోనా వల్ల రేషన్ షాపుల్లో వేలిముద్ర బదులు కనుపాప, ఓటీపీ పద్ధతి పెట్టారు. ఆధార్‌కు ఫోను నంబరు కలిపి లేనివాళ్ళు కేంద్రాల ముందు బారులు తీరారు. 2025 మార్చి 30న, ఉగాది రోజున, సన్నబియ్యం పథకం ఈ హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. మంచిదే, దొడ్డు బియ్యం తినలేక అమ్ముకున్న ఇళ్ళు మనకు తెలుసు. ఆ బియ్యం తెచ్చుకోవాలన్నా యంత్రం మనిషిని గుర్తుపట్టాలి. సాగర్ ఎడమ కాలువ కింద ఏళ్ళ తరబడి నాట్లు వేసిన చేతులకు, మిరపకాయ కోసిన చేతులకు వేలిగీతలు ఎక్కడ మిగులుతాయి? శ్రమ చేసిన చెయ్యి కాబట్టే యంత్రానికి గుర్తుపట్టరాకుండా పోతోంది. యాసిడ్ దాడి బాధితురాళ్ళు కూడా ఇలాంటి ప్రశ్నే వేశారు. బ్యాంకు యంత్రం కన్ను ఆర్పమంటుంది, కనురెప్పలు కాలిపోయిన మనిషి ఎలా ఆర్పాలి అని. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమే అని తీర్పు చెప్పింది, ప్రభుత్వానికి ఇరవై ఆదేశాలు ఇచ్చింది. ఈ తీర్పును మన కార్యకర్తలు దగ్గర పెట్టుకోవాలి. ఆఫీసులో ‘సిస్టమ్ తీసుకోవడం లేదమ్మా’ అన్నప్పుడు ఆమె వెనక్కి రావాల్సిన అవసరం లేదు. వేరే దారి చూపాల్సింది వాళ్ళే.

ఇంకో వైపు కూడా ఉంది. కొన్ని ఇళ్ళలో సిమ్‌లన్నీ ఆమె ఆధార్ మీదే ఉంటాయి - కొడుకుది, మరిదిది, ఎవరిదో స్నేహితుడిది కూడా. రేపు ఏ మోసం కేసు వచ్చినా పోలీసులు ముందు ఆమెను అడుగుతారు. 2023 మేలో కేంద్రం మొదలుపెట్టిన సంచార్ సాథీలో మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు, మనవి కానివి తీసేయమని చెప్పొచ్చు. సంఘాల్లో ఒక సాయంత్రం కూర్చుని ఈ పని చేయించండి.

రీఛార్జి గురించి మా అక్క కొడుకు ఎప్పుడూ రోజుకు ఎన్ని జీబీలు అనే చెప్తాడు. బటన్ ఫోను వాడే ఆమెకు జీబీతో పనేంటి? 2018 చివరి వరకు పది రూపాయలు వేసుకున్నా, అసలేం వేసుకోకున్నా ఫోన్లు వచ్చేవి. ఆ తర్వాత కంపెనీలు నెలనెలా కనీస రీఛార్జి పెట్టాయి, వేయకపోతే వచ్చే ఫోన్లు కూడా ఆగిపోతాయి. ‘నెల’ అంటే వాళ్ళకు ఇరవై ఎనిమిది రోజులు, అంటే ఏడాదికి పదమూడు నెలలు! ముప్పై రోజుల ప్లాన్ కనీసం ఒకటి ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. 2024 జులైలో ధరలు మళ్ళీ పెంచారు. ఆ ఏడాది డిసెంబర్‌లో, మాట్లాడుకోవడానికి, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే రీఛార్జి తప్పకుండా పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళకు తెలుసు? అవి ఎక్కువగా మూడు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టాల్సినవి. మొత్తం మీద చౌకే, కాని కూలికి పోయే మనిషి చేతికి ఆ డబ్బు ఒక్కసారిగా రాదు. సంఘాలు చిన్న చిన్న అవసరాలకు అప్పులిస్తాయి. ఏడాది రీఛార్జికి ఎందుకు ఇవ్వకూడదు?

ఇంట్లో హింస జరిగినప్పుడు మొదట పోయేది ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫోను లాక్కుంటారు, లేదా నేలకేసి కొడతారు. “ఫోనొస్తే ఎవరు ఎవరు అని పదిసార్లు అడుగుతడు, అందుకే నేనే ఎత్తుడు మానేసిన” అని ఒకామె నాతో అంది. గృహహింస చట్టం 2005 సెక్షన్ 3లో ఆర్థిక హింస గురించి ఉంది. కుటుంబ సంబంధం వల్ల ఆమెకు వాడుకునే హక్కున్న వనరులను, సదుపాయాలను అడ్డుకోవడం కూడా అందులోకే వస్తుంది. ఫోను లాక్కోవడాన్ని ఈ కింద ఎందుకు రాయకూడదు అని నా వాదన. రక్షణాధికారికి ఇచ్చే ఫిర్యాదులో కొట్టిన దెబ్బలతో పాటు ఇదీ రాయించండి. రాస్తూ పోతేనే న్యాయస్థానాలు దాన్ని గుర్తిస్తాయి.

ఆడపిల్లల విషయానికి వస్తే వాదన వేరేగా ఉంటుంది. ఫోను చేతికొస్తే పిల్ల చెడిపోతుంది అంటారు. ప్రమాదాలు లేవని నేను అనను. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్ళు అప్పు తీసుకున్నవారి ఫోటోలు మార్చి బంధువులకు పంపి వేధించారు, మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. కాని ఫోటో మార్చిన మగవాడి ఫోను ఎవరూ లాక్కోరు, ఫోటోలో ఉన్న పిల్ల ఫోను లాక్కుంటారు. అందుకే పిల్లలు ఇంట్లో చెప్పరు, చెప్పకపోవడం వల్లే వేధించేవాడి బలం పెరుగుతుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన అశ్లీల చిత్రాల మీద పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు, డబ్బు మోసమైతే 1930కి ఫోన్ చేయొచ్చు. కేరళలో ఫహీమా షిరిన్ అనే కాలేజీ విద్యార్థిని, హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోను వాడకూడదన్న నిబంధనను ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబర్ 19న జస్టిస్ పి.వి. ఆశ, ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులో, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమని తీర్పు ఇచ్చారు. మన హాస్టళ్ళ వార్డెన్లకు ఈ సంగతి చెప్పాలి.

చదువు అన్నాను కాబట్టి ఒక్క మాట. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో బడి పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా వచ్చాయి. టీవీలోనైనా వచ్చాయి. ఆ నవంబర్‌లో షాద్‌నగర్ పిల్ల, ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో చదివే అమ్మాయి ప్రాణం తీసుకుంది. స్కాలర్‌షిప్ అందలేదు, ఆన్‌లైన్ క్లాసులకు లాప్‌టాప్ కొనుక్కోలేకపోయింది. తండ్రి మోటార్ సైకిళ్ళు బాగుచేసే మనిషి, తల్లి కుట్టుపని చేస్తుంది. ఏ లాప్‌టాప్ మంచిది అన్న చర్చ దాకా ఆ ఇల్లు రానే లేదు.

2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్ నెలకు మూడు వందలకు ఇంటింటికీ నెట్ అంటూ కొన్ని గ్రామాల్లో మొదలైంది. వైరు మన ఊళ్ళకు వచ్చినప్పుడు మనం అడగాల్సింది ఒకటుంది. ఇంట్లో టీవీ ముందు ఆగిపోయే నెట్‌తో పాటు, మహిళా సంఘం భవనంలో, అంగన్‌వాడీలో ఒక కనెక్షన్ కావాలి. ఆడపిల్ల ఎవరి అనుమతీ అడగకుండా వెళ్ళి కూర్చునే చోటు కావాలి.

స్త్రీలకు యంత్రాలు రావు అనేవాళ్ళకు జహీరాబాద్ దగ్గరి సంగం రేడియో గురించి చెప్పండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 2008 అక్టోబర్ 15న దాన్ని మొదలుపెట్టారు. జనరల్ నరసమ్మ, ఆల్గోల్ నరసమ్మ రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం తామే చేశారు. అక్కడ యంత్రం సంఘానిది. ఇంటికి తీసుకుపోయి తాళం వేసేవాడు లేడు. తేడా అంతా అక్కడే ఉంది.

చివరగా మన పని గురించి. మధ్యాహ్నం గ్రూపుల్లో నింపడానికి మీకిచ్చిన కాగితంలో ‘ఫోను నంబరు’ అని ఒకే గడి ఉంది. దాని పక్కన పెన్నుతో ఇంకో మూడు గీయండి. ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది? ఆ ఫోను తెరిచే లాక్ ఇంట్లో ఎవరెవరికి తెలుసు? ఏ వేళకు ఫోన్ చేస్తే ఆమె ఒంటరిగా మాట్లాడగలదు? ఈ మూడోది తెలియకుండా హింసలో ఉన్న ఏ మనిషికీ మన ఆఫీసు నుంచి ఫోన్ చేయొద్దు. మధ్యాహ్నం ఈ గడుల దగ్గర నుంచే మాట్లాడుకుందాం.