పై తాడు మీదుగా తోస్తే తప్పే

మిత్రులందరూ క్రమశిక్షణ గురించి మాట్లాడారు. నేను మన బెంచీల కింద దాచుకున్న ట్రంప్ కార్డుల సబ్జెక్టు ఎత్తుకుంటాను: అమెరికా రెజ్లింగ్.

అందులో గెలిచేదెవరో ముందే నిర్ణయిస్తారు. మరి రూల్సెందుకంటారా? రూలుంటేనే కదా, దాన్ని తప్పేవాడు విలనయ్యేది!

పాతరోజుల్లో డబ్ల్యూ.సి.డబ్ల్యూ.లో ప్రత్యర్థిని పై తాడు మీదుగా బయటికి విసిరితే డిస్‌క్వాలిఫై చేసేవారు. అదే బ్యాటిల్ రాయల్‌లోనైతే అలా విసిరేయడమే ఆట! ఇంకో మెలిక ఉంది. డిస్‌క్వాలిఫై అయితే ఆట పోతుంది గానీ బెల్టు పోదు. అందుకే ఓటమి ఖాయమనుకున్న విలన్ చాంపియన్ కావాలనే తప్పుచేసి, బెల్టు భుజానేసుకుని వెళ్లిపోయేవాడు.

1985 స్టార్‌కేడ్‌లో డస్టీ రోడ్స్ రిక్ ఫ్లెయిర్‌ని పిన్ చేశాడు. జనం బెల్టు మారిందనుకున్నారు. ఫ్లెయిర్ తరఫువాళ్లు మధ్యలో జొరబడ్డారు కాబట్టి అది డిస్‌క్వాలిఫికేషన్ గెలుపేనని తర్వాత తీర్పు మార్చారు. బెల్టు ఫ్లెయిర్‌కే! అలాంటి ముగింపుకి ‘డస్టీ ఫినిష్’ అన్న పేరే స్థిరపడింది. పదేపదే వాడితే జనానికి విసుగే, అది వేరే సంగతి.

నాకు నచ్చింది మాత్రం ఐదు లెక్క. ప్రత్యర్థి తాడు అందుకున్నాక పట్టు వదలమని రిఫరీ ఐదు వరకూ లెక్కపెడతాడు. విలన్ నాలుగు దాకా నొక్కిపట్టి, అప్పుడు చేతులెత్తేస్తాడు. మన బ్యాచ్‌లోనూ నాలుగు దాకా ఆగేవాళ్లున్నారు. పేర్లు చెప్పను, ముందు వరుసలోనే కూర్చున్నారు.