కొల్లేటి గట్టు ఎవరిది?

వట్లూరులో నిలబడి ఆస్తిహక్కు గురించి మాట్లాడేవాడికి ఉదాహరణలు ఇంగ్లండు నుంచి అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు. ఏలూరు దాటితే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతా అందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. వానల్లో సరస్సుగా ఉన్న చోటే వేసవిలో దాళ్వా వరి పండించిన కాలం ఉంది. ఇలా కొన్నాళ్లు నేల, కొన్నాళ్లు నీరు అయ్యే దానిమీద హక్కు ఎలా సంక్రమించిందో తేల్చినంత మాత్రాన న్యాయం తేలదు. ఆ హక్కు చెలాయించినప్పుడు పక్కవాడి నీరు ఎటు పోతుందో కూడా చూడాలని నా వాదం.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. యజమాని తన సర్వస్వాన్నీ దానమివ్వాల్సిన విశ్వజిత్ యాగంలో భూమిని కూడా ఇవ్వవచ్చునా అని మీమాంసకులు ప్రశ్న వేసుకొని, కూడదన్నారు. భూమి అందరికీ సమానం కాబట్టి అది దానద్రవ్యం కాదు. రాజైనా దాన్ని కాపాడేవాడే. తర్వాత మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు స్వత్వం, అంటే ఆస్తి మీద హక్కు, శాస్త్రం వల్ల కాక లోకవ్యవహారం వల్ల తెలిసేదన్నాడు. పదమూడో శతాబ్దంలో కేతన ఆ గ్రంథం ఆధారంగానే తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయం’ రాశాడు. ఆస్తి లోకం కల్పించుకున్న ఏర్పాటైతే, దాన్ని సవరించుకునే అధికారమూ లోకానికి ఉండాలి కదా! 1689లో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ మరో దారి పట్టాడు. అందరికీ ఉమ్మడిగా ఉన్న దానిలో ఎవడు శ్రమ కలిపితే అది వాడిదన్నాడు. అయితే ఇతరులకు అంతే మంచిది, చాలినంత మిగలాలన్న షరతూ పెట్టాడు. లాక్‌ను ఉటంకించేవారు తరచూ మొదటి సగంతోనే ఆగిపోతారు.

కొల్లేటికి ఆ రెండో సగమే ముఖ్యం. 1976లో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. లంక గ్రామాల పేదలకు అది మేలని తలచింది. పోనుపోను సంఘం పేరు కాగితం మీద ఉండి, చాలా చెరువులు లీజు మీద పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. వాళ్లూ శ్రమపడ్డారు, డబ్బు పోశారు. కానీ ఆ శ్రమ గట్టు రూపంలో లేచింది. గట్టు లోపల ఎంత నీరు నిలిస్తే, వరద పరుచుకునే చోటు అంత తగ్గుతుంది. అంటే ఒకరి శ్రమ ఇంకొకరికి మిగలాల్సిన దాన్నే తినేసింది. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వమే గట్లు పగలగొట్టించింది.

అందరిదీ అంటే ఎవరిదీ కాదనీ, 1968లో పర్యావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ చెప్పినట్టు ఉమ్మడి వనరు పాడవక తప్పదనీ కొందరంటారు. ఇక్కడ జరిగింది తిరగేసి ఉంది. అందరూ వల వేసుకున్నప్పుడు కాదు, ముక్కలుగా గట్లు కట్టుకున్నప్పుడే సరస్సు కుంచించుకుపోయింది. ఇంతకంటే బరువైన ఆక్షేపణ తత్వవేత్త రాబర్ట్ నోజిక్‌ది. న్యాయంగా సంపాదించి, న్యాయంగా చేతులు మారితే ఆ ఆస్తి న్యాయమైనదేనన్నాడు 1974లో. కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ, అంటే ప్రైవేటు పట్టా భూమి, ఉంది. పట్టా పుచ్చుకుని శిస్తు కట్టినవాడు ఆక్రమణదారు ఎలా అవుతాడు? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. ఆ కాంటూరు గీత తర్వాత గీసిన ప్రభుత్వం అతనికి పరిహారం బాకీ ఉంది. 2008లో శాసనసభ కోరినట్టు కాంటూరును మూడడుగులకు దించితే మాత్రం బాకీ తీరదు. దాన్ని వరద బారిన పడేవాళ్ల మీదికి నెట్టినట్టవుతుంది. నోజిక్ కూడా పాత అన్యాయాన్ని సరిదిద్దాలన్నాడు కనుక, లెక్క విడివిడిగా వేయాలి. జిరాయితీదారుకు భూమి విలువ రావాలి. లీజుదారుకు నీటిమీద హక్కు లేదు. సంఘసభ్యుడికి ప్రభుత్వం ఒక చేత్తో చెరువిచ్చి ఇంకో చేత్తో పగలగొట్టింది. అతనికి రావాల్సింది గట్టు కాదు, జీవనోపాధి. ఇప్పటిదాకా సాగిన వాదులాటల్లో ఈ ముగ్గురినీ ‘కొల్లేటి రైతులు’ అనే ఒక్క పేరు కింద కలిపేశారు. అలా కలిపినప్పుడల్లా గొంతు పెద్దదైన లీజుదారుడి మాటే చెల్లింది.