మూత్రపిండముల వ్యాధి నివారణ – పంచాయతీల కర్తవ్యము



చలిజ్వరమును నడుమునొప్పియు వచ్చినచో అది పొలముపనుల బడలిక యని తలచి ఊరకుండుట మన పల్లెలలో పరిపాటి. అది మూత్రపిండములకు సోకిన అంటువలన కావచ్చును. సకాలమున చికిత్స జరిగినచో ఇది నయమగు వ్యాధియే. అశ్రద్ధ చేసినచో క్రిములు రక్తమున వ్యాపించి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఈ అంటు సాధారణముగా క్రిందనుండి పైకి ప్రాకును. మన ప్రేగులలో నుండు ఇ.కోలై అను క్రిమి మూత్రమార్గమున ప్రవేశించి, మూత్రకోశమున వృద్ధిపొంది, మూత్రపిండములను చేరును. మూత్రకోశమునుండి బయటికి వచ్చు నాళము పురుషులలో సుమారు 20 సెంటీమీటర్ల పొడవుండగా, స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే. కావుననే ఇది స్త్రీలకు ఎక్కువగా వచ్చును. మధుమేహము, మూత్రములో రాళ్లు గలవారును జాగ్రత్త వహింపవలెను. గర్భిణులకు ఈ అంటు సోకినచో నెలలు నిండకమునుపే కాన్పు కావచ్చును గనుక, బాధ లేకున్నను వారికి మూత్రపరీక్ష చేయింపవలెను.

మూత్రవిసర్జన సమయమున మంట, మాటిమాటికి పోవలెననిపించుట తొలి సూచనలు. వణకుతో జ్వరము, ప్రక్కడొక్కలో నొప్పి, వాంతులు కనిపించినచో అంటు మూత్రపిండములకు ప్రాకినదని అనుమానించి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. నొప్పిబిళ్లలతో కాలము గడపరాదు. వైద్యుడిచ్చిన మందును, జ్వరము తగ్గినదని నడుమ మానరాదు.

చాలినంత నీరు త్రాగుట, మూత్రము బిగబట్టకుండుట, మలవిసర్జన పిదప ముందునుండి వెనుకకు కడుగుకొనుట నివారణమార్గములు. కాని బడిలో మరుగుదొడ్డి లేకనో, ఉన్నను అందు నీరు లేకనో, మన ఆడపిల్లలు సాయంత్రము వరకు నీరు త్రాగక బిగబట్టుకొని కూర్చుందురు. నాట్లకు, కలుపుతీతకు పోవు కూలి స్త్రీల దుస్థితియు నిట్టిదే. నీరు త్రాగుడని వారికి బోధించుట సులభము; త్రాగిన పిదప పోవుటకు మరుగైన చోటు చూపవలసినది పంచాయతీయే.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ఆరోగ్య పారిశుద్ధ్యములను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. 2014లో ఆరంభమైన స్వచ్ఛ భారత్ కార్యక్రమమున ఎన్నో మరుగుదొడ్లు వెలసినవి. కట్టుటతో పని ముగియదు. అవి వాడుకలో నుండవలెను. రాబోవు సమావేశమునకు ముందు మీ ఊరి బడికి పోయి, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపునకు గడియ కలదా, తొట్టిలో నీరు కలదా స్వయముగా చూడుడు. లేనిచో మీ తీర్మానములలో అదియే మొదటిది కావలెను.