పాత నగరములు - ప్రణాళికాకర్త ధర్మము
(పఠనమందిరమున గావించిన యుపన్యాస పాఠము)



నగరము బాగుపడవలెనన్న పాతదానిని పడగొట్టవలసినదే యని కొందఱును, పాతఱాయి యొక్కటియు గదల్పరాదని కొందఱును వాదించుచున్నారు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు గావు. ఇఱుకు సందులలో గాలి వెలుతురులు లేక జనులు రోగములపాలగుచుండగా శిల్పశోభను వర్ణించుచు గూర్చుండుట న్యాయము గాదు. పటముపై నొక గీత గీసి నూఱిండ్లను తుడిచివేసి, అందలి కాపురస్థు లెక్కడికి బోవుదురో విచారింపకుండుటయు న్యాయము గాదు. ఈ రెంటికిని నడుమ మార్గమును జూపుటయే నగర ప్రణాళికాకర్త ధర్మము.

అట్టి మార్గమును ఆచరించి చూపినవాడు పాట్రిక్ గెడ్డీస్. ఆయన స్కాట్లండు దేశీయుడు, జీవశాస్త్ర పండితుడు. ఎడింబరోలోని పాతపేట బీదల మురికివాడయై యుండగా, 1880ల చివర ధర్మపత్నితో గూడ నచ్చటనే కాపురము పెట్టి శిథిలగృహములను బాగుచేయించెను. 1914లో మనదేశమునకు వచ్చి, తంజావూరు, మధుర మొదలగు పట్టణములను గూర్చి నివేదికలు వ్రాసెను. 1918లో ఇండోరు సంస్థానమునకు సమర్పించిన నివేదిక మిగుల బ్రసిద్ధము.

నాటి ఇంజనీర్లు పలువురు ఇఱుకు పేటల నడుమ తిన్నని వెడల్పు వీథులను దీయుటయే సంస్కారమని తలంచుచుండిరి. గెడ్డీస్ మొదట ప్రతి సందును కాలినడకన దిరిగి చూచెడివాడు. ఏ యిల్లు దృఢమైనదో, ఏది కూలినదో, ఏ బావి, ఏ చెట్టు, ఏ గుడి జనుల కవసరమో గుర్తించెడివాడు. పిదప పనికిరాని యిండ్లను మాత్రమే తొలగించి, ఆ ఖాళీస్థలములను గాలికిని, పిల్లల యాటలకును విడువుమనెడివాడు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరునకు సంరక్షక శస్త్రచికిత్స యని యర్థము. దీనివలన వ్యయము తగ్గును. నిలువనీడ గోల్పోవువారును తగ్గుదురు.

ఇక మన హైదరాబాదు మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచెత్తినది. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి వీథులను, పేటలను సంస్కరించెను. నేటి పత్తర్‌గట్టి యంగళ్లు దాని కృషిఫలమే. 1995లో చారిత్రక భవనములను గాపాడుటకై నగరాభివృద్ధి నిబంధనలలో 13వ నిబంధన చేరెను. 2015లో ప్రభుత్వము దానిని తొలగించెను. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. అయినను 2019లో నవాబు ఫక్రుల్ ముల్కు కట్టించిన ఇర్రం మంజిలును కూల్చి, అచట శాసనసభా భవనము గట్టుటకు మంత్రివర్గము నిశ్చయించెను. పౌరులు హైకోర్టు నాశ్రయింపగా, ఆ సెప్టెంబరులోనే న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను.

న్యాయవాదులమైన మాకు ఇది సంతోషకరమే. కాని న్యాయస్థానము కూల్చుట నాపగలదే గాని, కారుచున్న మిద్దెను గప్పజాలదు. ఆ పని ప్రణాళికాకర్తది. అతడు కూల్చుటకు ముందే రక్షణీయ భవనముల పట్టిక సిద్ధపఱుపవలెను. యజమానులకు మరమ్మతు సాయమునకు దారి చూపవలెను. అద్దెకున్నవారికిని, చిల్లర వర్తకులకును ఆ పేటలోనే తావు కల్పింపవలెను.

మన ధర్మమును గలదు. నగర ప్రణాళిక ముసాయిదా ప్రకటింపబడిన నాడు దానిని పఠనమందిరమునకు దెప్పించి చదువుడు. మన వీథి యందెట్లున్నదో పరిశీలింపుడు. గడువులోపల ఆక్షేపణలను వ్రాసి పంపుడు. గోడ కూలిన పిమ్మట వేయు వ్యాజ్యమువలన దాని ఱాళ్లు తిరిగి నిలువవు.