కొండ గొరిల్లాల జాడ తీసేవాళ్ళు



రువాండా, ఉగాండా, కాంగో దేశాల సరిహద్దులు కలిసేచోట విరుంగా అగ్నిపర్వతాలు ఉన్నాయి. 1981లో ఆ కొండల్లో లెక్క తీస్తే కొండ గొరిల్లాలు 250 చిల్లర తేలాయి. 2015-16లో మళ్ళీ లెక్క తీస్తే 604 ఉన్నాయి. వాటికి ఉత్తరాన ఉగాండాలోని బ్విండీ అడవిలో 2018లో తీసిన లెక్కను కూడా కలిపితే మొత్తం 1063. ఈ భూమ్మీద ఉన్న కొండ గొరిల్లాలన్నీ ఇంచుమించు ఇవే. జంతుప్రదర్శనశాలల్లో మనం చూసే గొరిల్లాలు పల్లపు అడవుల జాతివి. అంటే ఈ రెండు అడవుల్లో అంతరించిపోతే మళ్ళీ తెచ్చి వదలడానికి ఇంకెక్కడా లేవు. అలాంటి స్థితి నుంచి సంఖ్య పెరిగింది కాబట్టే 2018లో వాటిని అత్యంత ప్రమాదస్థితి జాబితా నుంచి ఒక మెట్టు దించారు.

ఈ పెరుగుదలకు చట్టాలు, విదేశీ నిధులు, పర్యాటకం, పరిశోధన అన్నీ తోడ్పడ్డాయి. అయినా నా దృష్టిలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసిన కారణం ఇంకొకటి ఉంది. రోజూ తెల్లవారగానే ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి కొందరు కొండెక్కుతారు. ఒక్కో గొరిల్లా కుటుంబాన్నీ వెతికి పట్టుకుని, అందరూ క్షేమంగా ఉన్నారో లేదో చూసుకుని దిగి వస్తారు. అక్కడ వాళ్ళను ట్రాకర్లు అంటారు. మీరు అటవీశాస్త్రంలో అందుకుంటున్నలాంటి పట్టాలు వాళ్ళలో ఎక్కువమందికి లేవు. ఈ రోజు మీకు వాళ్ళ పని గురించి చెప్పాలనే వచ్చాను.

నిన్న సాయంత్రం కుటుంబాన్ని ఎక్కడ వదిలి వచ్చారో, ఈ ఉదయం అక్కడి నుంచే నడక మొదలవుతుంది. దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తు. చలి, మంచు, ఒళ్ళంతా దురద పుట్టించే ఆకులు, కాలు వేస్తే జారే బురద. కత్తితో తీగలు నరుక్కుంటూ ముందుకు వెళ్ళాలి. విరిగిన కాడలు ఏ వైపు ఒరిగాయి, ఒలిచి పారేసిన అడవి సెలెరీ తొక్క ఎంత వాడింది, మట్టిలో పడిన వేలి కణుపుల గుర్తులు ఎంత లోతుగా ఉన్నాయి, ఇవన్నీ చూసుకుంటూ పోతారు. వెదురు కొమ్ములు మొలిచే కాలంలో జాడ ఎటు వెళ్తుందో వాళ్ళకు ముందే తెలుసు.

కొంత దూరం పోయాక రాత్రి పడకలు కనిపిస్తాయి. గొరిల్లా ప్రతి సాయంత్రం కొమ్మలు, ఆకులు వంచుకుని కొత్తగా గూడు కట్టుకుని పడుకుంటుంది. నిన్నటి గూట్లో సాధారణంగా మళ్ళీ పడుకోదు. తెల్లవారి లేచేటప్పుడు ఆ గూట్లోనో పక్కనో మలం వదిలి వెళ్తుంది. ట్రాకర్‌కు ఆ పడకలే హాజరుపట్టీ. పెద్ద గూడు, అందులో పెద్ద మలపు ఉండలు, నాలుగు తెల్లటి వెంట్రుకలు కనిపిస్తే అది వీపు నెరిసిన పెద్ద మగది, సిల్వర్‌బ్యాక్ పడుకున్న చోటు. మధ్యరకం ఉండల పక్కన చిన్న చిన్నవి కూడా ఉంటే బిడ్డతో పడుకున్న తల్లి. ఉండలు నీళ్ళగా ఉంటే ఎవరికో కడుపు బాగోలేదు. గూళ్ళు ఒకటి తక్కువైతే ఆ రోజు పని ఇంకో రకంగా సాగుతుంది. ఇప్పుడు జనాభా లెక్కల్లో అదే మలం నుంచి డీఎన్‌ఏ తీసి ఒక్కో జంతువునూ గుర్తిస్తున్నారు. ఆ ప్రయోగశాల పనికి కావలసిన నమూనా, అది ఏ గూటిదో ఖాయం చేసే సమాచారం ట్రాకర్ చేతి నుంచే వస్తాయి.

దగ్గరికి వచ్చాక గొంతులోంచి సన్నగా గుర్రుమంటూ ఒక శబ్దం చేస్తారు. తిండి దగ్గర తృప్తిగా ఉన్న గొరిల్లాలు చేసుకునే చప్పుడు అది. వచ్చింది తెలిసినవాళ్ళే, భయం లేదు అని దానికి అర్థం. మనిషి అలికిడికి పారిపోయే కుటుంబం ఇలా నిబ్బరంగా మేస్తూ ఉండడానికి సుమారు రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళూ రోజూ వెళ్ళాలి, రోజూ కాస్త దూరంలో ఆగి తిరిగి రావాలి. ముఖం చూడగానే పేరు చెప్పడం ఆ తర్వాతి విద్య. ముక్కుపుటాల పైన ఉండే ముడతలు ఏ రెండు గొరిల్లాలకూ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లా. పరిశోధకులు వాటిని కాగితం మీద బొమ్మలు గీసుకుంటారు. ట్రాకర్లకు ఆ ముఖాలు కంఠస్థం.

గొరిల్లాల పరిశోధకురాలు డయాన్ ఫాసీ 1967లో కరిసింబి, బిసోకే కొండల మధ్య కరిసోకే పరిశోధనా కేంద్రాన్ని పెట్టారు. 1978లో ఆమె మగదనుకుంటున్న పక్ అనే గొరిల్లా ఒక బిడ్డను కన్నది. ఇది జరిగే పని కాదే, ఇంగ్లీషులో ‘ఇట్ కాంట్ బీ’, అని ఆశ్చర్యపోయి, ఆ మాటనే బిడ్డకు పేరుగా మలిచారు, కాంట్స్‌బీ అని. ఏళ్ళ తరబడి దగ్గరగా చూసిన మనిషినే అడవి అలా సరిదిద్దింది. ఆ కాంట్స్‌బీ పెరిగి పెద్దదై, 2006 నాటికి 65 మంది ఉన్న కుటుంబానికి పెద్ద అయింది. గొరిల్లా గుంపు మామూలుగా పదిమంది చుట్టూ ఉంటుంది. అంత పెద్ద కుటుంబాన్ని అంతకు ముందు ఎవరూ చూడలేదు. కాంట్స్‌బీ 2017లో, 38 ఏళ్ళ వయసులో చనిపోయింది. పుట్టిన ఏడాది నుంచి పోయిన ఏడాది దాకా దాని బతుకు రాసిపెట్టి ఉంది.

టైటస్ కథ ఇంకా గొప్పది. 1974లో పుట్టింది. దానికి నాలుగేళ్ళ వయసులో వేటగాళ్ళు దాని తండ్రిని కాల్చి చంపారు. తల్లి వేరే గుంపుకు వెళ్ళిపోయింది. అలాంటి పసిది బతకదనే అప్పటి వాళ్ళు అనుకుని ఉండాలి. గుంపులో మిగిలిన మగవాటి మధ్యే అది పెరిగింది, తర్వాత తానే సిల్వర్‌బ్యాక్ అయి 2009 దాకా బతికింది. ఇది ఒక్క టైటస్ అదృష్టమా, లేక గొరిల్లా కుటుంబాల స్వభావమా? 2021లో అచ్చయిన ఒక అధ్యయనం 50 ఏళ్ళకు పైబడిన రికార్డులు తిరగేసి జవాబు చెప్పింది. తల్లిపాలు లేకుండా బతకగల వయసుకు వచ్చాక తల్లిని కోల్పోయిన పిల్లలు ఇతర పిల్లలకంటే ఎక్కువగా చనిపోవడం లేదు. గుంపు వాటిని దగ్గరికి తీస్తోంది. ముఖ్యంగా పెద్ద సిల్వర్‌బ్యాక్‌తో వాటి స్నేహం పెరుగుతోంది. రాత్రి తల్లి గూట్లో పడుకునే పిల్లకు ఇప్పుడు ఆ పెద్ద మగది చోటిస్తోంది. విద్యార్థులారా, ఈ ఒక్క వాక్యం రాయడానికి కోట్లు పోసి కొనే యంత్రమేదీ అక్కరలేదు. యాభై ఏళ్ళపాటు ఎవరో ఒకరు పొద్దున్నే వెళ్ళి, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో రాసుకుంటే చాలు. అది మాత్రం మానకుండా జరగాలి.

మానకుండా అనడం తేలికే. 1977 చివరి రోజున డిజిట్ అనే యువ సిల్వర్‌బ్యాక్‌ను వేటగాళ్ళు పొడిచి చంపారు. 1985 డిసెంబరులో ఫాసీని ఆమె గదిలోనే హత్య చేశారు. 1994లో రువాండా జాతిహననంలో పరిశోధకులు దేశం విడిచారు, కేంద్రం ధ్వంసమైంది, ట్రాకర్ల కుటుంబాలే చెల్లాచెదురయ్యాయి. అయినా వీలు చిక్కినప్పుడల్లా వాళ్ళు కొండెక్కుతూనే ఉన్నారు. కాంగో వైపున్న విరుంగా పార్కులో ఇప్పటిదాకా 200 మందికి పైగా రేంజర్లు విధుల్లో ప్రాణాలు వదిలారు. ఈ అంకె దగ్గర కాసేపు ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను.

జింకల కోసం పెట్టిన ఉచ్చుల్లో గొరిల్లా పిల్లల చేతులు, కాళ్ళు పడుతుంటాయి. వాటిని వెతికి తీసేయడం కూడా ట్రాకర్ల పనే. 2012లో రువాండాలో ఒక ట్రాకర్ ఉచ్చు దగ్గరికి వెళ్తుంటే సిల్వర్‌బ్యాక్ వద్దన్నట్టు గుర్రుమంది. ఆయన ఆగాడు. రెండు పిల్ల గొరిల్లాలు, ర్వెమా, దుకోరే, పరుగున వచ్చి వంచిన కొమ్మను విరిచి, ఉచ్చు ముడిని విప్పేశాయి. అంతకు కొద్ది రోజుల ముందే అదే గుంపులో ఒక పిల్ల ఉచ్చు గాయంతో చనిపోయింది.

ఇక పర్యాటకం. రువాండాలో ఒక్క గంట గొరిల్లాలను చూడడానికి మనిషికి రుసుమును 2017లో 1500 డాలర్లు చేశారు. ఒక కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందికి మించి వెళ్ళకూడదు, జలుబు ఉన్నా వెళ్ళకూడదు. మన జలుబే వాటి ప్రాణం తీయగలదు. వచ్చిన రాబడిలో పది శాతం చుట్టుపక్కల ఊళ్ళకు ఇస్తున్నారు. ఇది మంచి ఏర్పాటే. కానీ ఉగాండాలో 1991లో బ్విండీని జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు తరతరాలుగా ఆ అడవిలో బతికిన బట్వా ప్రజలను బయటకు పంపేశారు. భూమీ లేక, అడవీ లేక వాళ్ళు పడ్డ అవస్థకు ఇలాంటి లాభాలు సమాధానం కావు. గొరిల్లాల విజయం చెప్పేటప్పుడు ఆ మాట దాచిపెట్టడం అన్యాయం.

నల్లమలలో చెంచులను చూసిన మనకు ఇది పరాయి కథ కాదు. అమ్రాబాద్‌లో, నాగార్జునసాగర్–శ్రీశైలంలో పులి జాడ తీసే వాచర్లలో చెంచులు ఉన్నారు. కెమెరా ఏ చెట్టుకు కట్టాలో చెప్పేది వాళ్ళే. నేను చదివిన ఎన్నో నివేదికల్లో కెమెరా కంపెనీ పేరుంది, ఆ చెట్టు చూపించినవాడి పేరు లేదు.

రేపు మీరు రేంజర్లుగా, పరిశోధకులుగా, అధికారులుగా అడవికి వెళ్తారు. మొదటి ఏడాది వాచర్ వెనక నడవండి, ముందు నడవకండి. ఆయనకు జీతం నెలనెలా అందుతోందో లేదో, వానకోటు, బూట్లు ఉన్నాయో లేదో, పాము కరిస్తే ఇంటికి బీమా వస్తుందో లేదో మీరే కనుక్కోండి. రాకపోతే మీ సంతకంతో కాగితం పెట్టండి. మీరు రాసే మొదటి నివేదికలో, మొదటి పరిశోధనా పత్రంలో, మీ పేరు పక్కన ఆయన పేరు పూర్తిగా, తప్పు లేకుండా రాయండి.